పదేపదే తగిలే తేలికపాటి తలదెబ్బ: ఎలుకల మీద ఏ పద్ధతి ఎంచుకోవాలి?

తలదెబ్బ మీద పరిశోధన చేయాలనుకునే విద్యార్థులు ఏటా ఇద్దరు ముగ్గురు వచ్చి నన్ను అడిగేది ఒకటే మాట: "మేస్టారూ, ఏ మోడల్ పెట్టుకోమంటారు?" విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఫార్మకాలజీ చదివే పిల్లలకు ఈ ప్రశ్నకు సమాధానం చాలావరకు ప్రయోగశాల మూలన ఏ పరికరం పడి ఉందో దాన్నిబట్టి, లేదా గైడు తన థీసిస్‌లో ఏది వాడారో దాన్నిబట్టి దొరుకుతూ ఉంటుంది. వాపు మందులో నొప్పి మందులో పరీక్షించేటప్పుడు ఆ అలవాటు కొంతవరకు చెల్లుతుందేమో గాని, పదేపదే తగిలే తేలికపాటి దెబ్బ విషయంలో చెల్లదు. ఎందుకంటే ఇక్కడ పరికరం మారితే జబ్బే మారిపోతుంది.

సంక్రాంతికి ఊళ్లో జరిగే కబడ్డీ పోటీ తలుచుకోండి. కూతకు వెళ్లిన కుర్రవాడి కణతకు ఎదుటివాడి మోకాలు తగులుతుంది. కళ్లు బైర్లు కమ్ముతాయి, కాసేపు గీత అవతల కూర్చుంటాడు, మొహం మీద నీళ్లు చల్లుకుని మళ్లీ బరిలోకి దిగుతాడు, మర్నాడు పక్క ఊళ్లో మరో ఆట ఆడతాడు. పుర్రె పగలలేదు, రక్తం కారలేదు, సీటీ స్కాన్ తీయించినా సాధారణంగా ఏమీ కనబడదు. మనం నమూనాగా తయారు చేయవలసింది ఈ దెబ్బను. పదహారో నంబరు జాతీయ రహదారి మీద హెల్మెట్ లేకుండా బండి మీద నుంచి పడి, మెదడులో రక్తం గడ్డకట్టి ఆసుపత్రికి చేరినవాడి పరిస్థితి పూర్తిగా వేరు, దానికి తగిన ఎలుక నమూనా కూడా వేరు.

కాబట్టి ఏ పద్ధతినైనా నేను మూడు విషయాల్లో తరచి చూస్తాను. దెబ్బ తగిలినప్పుడు పుర్రె మూసి ఉందా, తల స్వేచ్ఛగా కదలగలుగుతోందా, దెబ్బ తిన్న జంతువు కొద్ది నిమిషాల్లో తేరుకుని కొన్నాళ్లలో మరో దెబ్బకు తట్టుకోగలుగుతోందా అన్నవే అవి. రెండో ప్రశ్నను చాలామంది పట్టించుకోరు గాని, నా దృష్టిలో అదే ముఖ్యం. మెదడును గాయపరిచేది ప్రధానంగా తల గిరుక్కున తిరిగినప్పుడు లోపలి కణజాలంలో పుట్టే సాగుదల అని భౌతిక శాస్త్రవేత్త హోల్‌బోర్న్ 1943లోనే వాదించాడు. తలను స్టీరియోటాక్సిక్ చట్రంలో (తల కదలకుండా పట్టి ఉంచే బిగింపులో) బిగించి కొడితే ఆ తిరుగుడే లేకుండా పోతుంది.

పుర్రెకు కంత చేసే పద్ధతులు

ఈ రంగంలో ఎక్కువ పేరున్నవి రెండు, ఫ్లూయిడ్ పెర్కషన్, కంట్రోల్డ్ కార్టికల్ ఇంపాక్ట్. మొదటిదానిలో ఎలుక పుర్రెకు సుమారు 5 మిల్లీమీటర్ల కంత చేసి, దాని మీద ఒక మూతిని అతికించి, నీటితో నిండిన గొట్టానికి తగిలిస్తారు. గొట్టం రెండో చివర ఉన్న పిస్టన్‌ను లోలకం వచ్చి కొట్టగానే నీటి ఒత్తిడి మెదడు పైపొరను ఒక్కసారిగా నొక్కుతుంది. 1980ల చివర ఎలుకల్లో స్థిరపడిన ఈ పద్ధతిలో ఒత్తిడిని అట్మాస్ఫియర్లలో కొలుస్తారు కనుక తేలిక, మధ్యస్థం, తీవ్రం అని విభజించడం సులభం. రెండోదానిలో గాలి ఒత్తిడితోనో విద్యుదయస్కాంతంతోనో నడిచే కడ్డీ వచ్చి, బయటపడి ఉన్న మెదడును నిర్ణీత వేగంతో, నిర్ణీత లోతుకు, నిర్ణీత కాలం నొక్కుతుంది. ఎన్నిసార్లు చేసినా ఒకే రకం గాయం వస్తుంది, అంకెలు ముచ్చటగా ఉంటాయి, పత్రిక సమీక్షకులకు నచ్చుతాయి.

అయితే మన ప్రశ్నకు ఈ రెండూ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాయి. కంత చేయడమే ఒక గాయం. దెబ్బ కొట్టకుండా కంత మాత్రమే చేసిన షామ్ జంతువుల్లో సైతం వాపు, గ్లియా కణాల (న్యూరాన్లకు అండగా ఉండే మెదడు కణాల) ఉత్తేజం కనబడతాయి. ఇక అదే ఎలుకను రెండు రోజులకొకసారి మళ్లీ మళ్లీ కొట్టాలంటే ఆ తెరిచిన చోటును ఎలా కాపాడతారు? కబడ్డీ ఆటగాడి పుర్రెకు ఎవరూ కంత చేయలేదు కదా. మెదడు నలిగిన గాయానికి, రక్తం గడ్డకట్టడానికి, మూర్ఛలు రావడానికి మందు వెతుకుతున్నవారు మాత్రం నిశ్చింతగా వీటినే ఎంచుకోవచ్చు.

ఇదే కడ్డీ పరికరానికి కొసన రబ్బరు తొడిగి, పుర్రె తెరవకుండా పైనుంచి కొట్టే పద్ధతి కూడా ఉంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుంచి 2001లో వచ్చిన చిట్టెలుకల (మౌస్) అధ్యయనంలో ఇరవై నాలుగు గంటల తేడాతో రెండు దెబ్బలు ఇలాగే కొట్టారు. మీ కళాశాలలో ఆ యంత్రం ఇప్పటికే ఉంటే ఇది మంచి ఎంపిక. లేకపోతే దీనికోసమే కొనమని నేను చెప్పను.

బరువు జారవిడిచే పద్ధతులు

మన జిల్లాల కళాశాలలకు అందుబాటులో ఉన్నది ఇదే కనుక దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. వర్జీనియాలో ఆంథనీ మర్మరూ బృందం 1994లో ప్రకటించిన నమూనాలో 450 గ్రాముల ఇత్తడి దిమ్మ నిలువు గొట్టంలోంచి జారి, ఎలుక పుర్రె మీద అతికించిన 10 మిల్లీమీటర్ల వ్యాసం గల ఉక్కు బిళ్ల మీద పడుతుంది. ఎలుక నురుగు పరుపు మీద పడుకుని ఉంటుంది. మీటరు ఎత్తు నుంచి వదిలితే ఆ దెబ్బలో ఉండే శక్తి దాదాపు 4.4 జౌళ్లు. ఇది నరాల తంతువులు విస్తారంగా తెగే గాయానికి తయారైన నమూనా. ఎత్తు పెరిగేకొద్దీ ఊపిరి ఆగి చనిపోయే ఎలుకలు ఎక్కువవుతాయి. బిళ్ల అతికించడానికి నెత్తి మీద చర్మం కోయాలి కనుక పదేపదే చేయడానికి అంతగా అనుకూలం కాదు.

డెట్రాయిట్‌లోని వేన్ స్టేట్ విశ్వవిద్యాలయం వారు 2012లో ప్రచురించిన మార్పు మాత్రం, నా అభిప్రాయంలో, మన ప్రశ్నకు అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. చర్మం కోయరు, చట్రంలో బిగించరు. కొద్దిసేపటి మత్తులో ఉన్న చిట్టెలుకను, గాటు పెట్టిన పల్చటి అల్యూమినియం రేకు మీద బోర్లా పడుకోబెడతారు. 95 గ్రాముల బరువు మీటరు ఎత్తు నుంచి తల మీద పడగానే రేకు చిరుగుతుంది, చిట్టెలుక గాలిలో పల్టీ కొట్టి కింద పరచిన స్పాంజి మీద వెల్లకిలా పడుతుంది. తలకు కావలసిన కదలిక, తిరుగుడు రెండూ అందులోనే వచ్చేస్తాయి. స్పాంజి మీద వెల్లకిలా ఉన్న జంతువు తనంతట తాను బోర్లా తిరిగి నాలుగు కాళ్ల మీద నిలబడడానికి ఎన్ని సెకన్లు పట్టిందో స్టాప్‌వాచ్‌తో రాసుకోవాలి. మనుషుల్లో స్పృహ తప్పిన సమయానికి జంతువుల్లో మనకు దొరికే సమీప కొలత అదొక్కటే. దెబ్బ కొట్టని గుంపు కంటే ఈ సమయం ఎక్కువ ఉండాలి, అయినా కొద్ది నిమిషాల్లో ముగిసిపోవాలి. గంటల తరబడి లేవకపోతే మీరు కొట్టింది తేలికపాటి దెబ్బ కాదు.

ఈ పరికరం చూడడానికి పిల్లల ఆటబొమ్మలా ఉన్నా దానిలో రెండు మోసాలున్నాయి. మా మొదటి పరికరానికి ఇత్తడి దిమ్మను బుడితిలో పోత పోయించాను. అక్కడి పెద్దాయన దాన్ని చేతిలో తూచి చూసి, "ఏటి బాబూ, తూకం రాయా? గుర్తేసి ఇమ్మంటావా?" అని అడిగాడు. దిమ్మ బరువు గ్రాము తేడా లేకుండా వచ్చింది గాని, ఫలితాలు మాత్రం జంతువుకొక రకంగా వచ్చాయి. ఫోనులో సెకనుకు 240 ఫ్రేముల వేగంతో తీసి చూస్తే అసలు సంగతి తెలిసింది: మూడు దెబ్బల్లో ఒకటి పడ్డాక దిమ్మ ఎగిరి మళ్లీ తలను తాకుతోంది. ఒక దెబ్బ అని రాసుకున్నవి కొన్ని రెండు దెబ్బలన్నమాట. ఆ విడత లెక్కలన్నీ పక్కన పడేశాము. దిమ్మకు చేపలు పట్టే నైలాన్ తాడు కట్టి, రేకు మట్టం దాటి కొద్దిగా మాత్రమే దిగేలా పొడవు సరిచేశాక ఆ బాధ తప్పింది.

రెండో మోసం గొట్టం లోపలి రాపిడి. మీటరు నుంచి స్వేచ్ఛగా పడిన వస్తువు కింద సెకనుకు 4.4 మీటర్ల వేగంతో ఉండాలి. గొట్టం చివరి పది సెంటీమీటర్లకు స్కేలు అతికించి అదే ఫోనుతో తీస్తే, ఫ్రేముకు సుమారు 18 మిల్లీమీటర్లు కదలాలి. పదిహేను పదహారే కదిలిందంటే గొట్టం వంకరగానైనా ఉంది, లోపల చెమ్మయినా చేరింది. సముద్రపు గాలి వీచే మన ఊళ్లలో వర్షాకాలమంతా ఈ పరీక్ష వారానికొకసారి చేసుకోవలసిందే. వేలల్లో ఖర్చుతో తయారయ్యే పరికరానికి లక్షల యంత్రానికున్న విశ్వసనీయత తెచ్చేది ఇలాంటి చాకిరీయే.

కైమెరా అనే పేరుతో 2014లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పరికరం కూడా తలను స్వేచ్ఛగా వదిలి పిస్టన్‌తో కొడుతుంది. కదలికను కొలవడంలో రేకు పద్ధతి కంటే మెరుగైనది. డబ్బున్న సంస్థతో కలిసి పనిచేసే అవకాశం వస్తే వదులుకోకండి. పేలుడు తరంగాల గొట్టాలు సైనికుల గాయాల కోసం పుట్టినవి, మనకు అక్కరలేదు.

దెబ్బకూ దెబ్బకూ మధ్య గడువు

పరికరం మీద పెట్టే శ్రద్ధలో సగం కూడా విద్యార్థులు గడువు మీద పెట్టరు. పదేపదే అన్న మాటకు అర్థం మొత్తం అందులోనే ఉంది. దెబ్బ తిన్న న్యూరాన్లలోంచి పొటాషియం బయటకు, కాల్షియం లోపలికి పోతాయి. ఆ అసమతుల్యతను సరిదిద్దడానికి కణం గ్లూకోజును మొదట విపరీతంగా ఖర్చు చేస్తుంది, తర్వాత కొన్ని రోజులపాటు వాడకం మామూలు కంటే పడిపోతుంది. కాలిఫోర్నియాలో హోవ్డా, గీజా వివరించిన ఈ నీరస దశలో రెండో దెబ్బ పడితే ఒకటీ ఒకటీ కలిసి రెండు కాదు, అంతకు మించి అవుతుంది. 2005లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో చిట్టెలుకలకు రెండు దెబ్బల మధ్య మూడు, ఐదు, ఏడు రోజుల గడువులు ఇచ్చి చూశారు. మూడు, ఐదు రోజుల గుంపుల్లో జ్ఞాపకశక్తి లోపం కనబడింది, ఏడు రోజుల గుంపులో కనబడలేదు. దెబ్బ అదే, యంత్రం అదే, తేడా తెచ్చింది గడువొక్కటే.

అందువల్ల ఒకే గడువు పెట్టుకున్న ప్రణాళిక నా దగ్గరకు వస్తే వెనక్కి పంపుతాను. కనీసం రెండు గడువులు ఉండాలి, ఒకటి కోలుకోకముందు పడేది, ఇంకొకటి కోలుకున్నాక పడేది. వాటితోపాటు ఒకే దెబ్బ తిన్న గుంపు, దెబ్బలేమీ లేని షామ్ గుంపు ఉండాలి. ఐదు దెబ్బలా పది దెబ్బలా అన్న చర్చ ఆ తర్వాతి మాట. ఎలుక ఆయుష్షు రెండు మూడేళ్లు కనుక దాని మూడు రోజులు మనిషికి ఎన్నాళ్లని అడుగుతారు. దీనికి గుణకారపు లెక్క లేదు, ఉన్నట్టు థీసిస్‌లో రాయకండి.

మత్తుమందు ఎంపిక

ఇది చిల్లర విషయం అనుకుని చాలామంది బోల్తా పడతారు. మన కళాశాలల్లో అలవాటు కెటమిన్, జైలజిన్ కలిపి ఇచ్చే సూది. ఆ మత్తు అరగంటకు పైగా ఉంటుంది కనుక బోర్లా తిరిగే సమయం కొలిచినా అది దెబ్బ ప్రభావమా మందు ప్రభావమా తేలదు. అంతకంటే పెద్ద చిక్కు, కెటమిన్ న్యూరాన్ల మీద ఉండే ఎన్‌ఎండీఏ గ్రాహకాలను అడ్డగిస్తుంది; దెబ్బ తర్వాత గ్లుటమేట్ అనే సంకేత రసాయనం విరజిమ్మి హాని చేసేది ఎక్కువగా ఆ గ్రాహకాల ద్వారానే. అంటే జబ్బు పుట్టించే చేత్తోనే మందు కూడా వేసినట్టు. పీల్చే మత్తుమందు ఐసోఫ్లురేన్ ఒకటి రెండు నిమిషాల్లో వదిలిపోతుంది కాబట్టి మేలు, అయితే అది కూడా మెదడుకు కొంత రక్షణ ఇస్తుందన్న ఆధారాలున్నాయి. రెండింటిలో ఐసోఫ్లురేన్‌నే ఎంచుకోండి. షామ్ జంతువులకు అన్నిసార్లూ, అదే మోతాదులో, అంతే సమయం మత్తు ఇవ్వండి. ఐదు దెబ్బల గుంపుకు ఐదుసార్లు మత్తు ఇచ్చి షామ్‌కు ఒక్కసారే ఇచ్చిన థీసిస్ నేను చూశాను. అందులో తేలిన తేడా మత్తు వల్ల కూడా రావచ్చు.

ఎలుకా, చిట్టెలుకా, మరొకటా?

రేకు పద్ధతి చిట్టెలుకల కోసం పుట్టినా, బరువు, ఎత్తు మార్చి ఎలుకలకు కూడా వాడుతున్నారు. జన్యువులు మార్చిన జాతులు కావాలంటే చిట్టెలుక, ప్రవర్తన పరీక్షలు ముఖ్యమైతే ఎలుక అన్నది నా పద్ధతి. విస్టార్, స్ప్రేగ్ డాలీ రెండూ తెల్లజాతులు, చూపు మందం. గోడ మీది గుర్తులు చూసి దారి తెలుసుకునే పరీక్షలో అవి వెనకబడితే దెబ్బ వల్లే అని తొందరపడకూడదు.

ఏది ఎంచుకున్నా పరిమాణం సమస్య తప్పదు. మనిషి మెదడు సుమారు 1400 గ్రాములు, ఎలుకది 2 గ్రాములు, చిట్టెలుకది అర గ్రాము కూడా ఉండదు. చిన్న మెదడులో అంతే సాగుదల రావాలంటే తిరుగుడు త్వరణం మెదడు బరువుల నిష్పత్తికి 2/3 ఘాతంగా పెరగాలన్నది హోల్‌బోర్న్ సూత్రం. ఆ లెక్కన ఎలుక తలను మనిషి తల కంటే దాదాపు 80 రెట్లు, చిట్టెలుక తలను 200 రెట్లకు పైగా తీవ్రంగా తిప్పాలి. ఏ పరికరమూ దీన్ని పూర్తిగా సాధించదు.

న్యూరాన్ల లోపలి నిర్మాణాన్ని నిలిపే టౌ ప్రోటీన్ మీద పని చేయాలనుకునేవారు ఇంకొంచెం ఆగి ఆలోచించాలి. బాక్సర్లలో కనబడే మత్తెక్కినట్టి స్థితిని మార్ట్‌లాండ్ 1928లో వర్ణించాడు. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు మైక్ వెబ్‌స్టర్ మెదడు పరీక్షను బెనెట్ ఒమాలు 2005లో ప్రచురించాక దీర్ఘకాలిక మెదడు క్షీణత గురించి లోకమంతా మాట్లాడుకుంది. ఆ జబ్బుకు గుర్తు మెదడు ముడతల అడుగున, చిన్న రక్తనాళాల చుట్టూ పేరుకునే టౌ. ఎలుక, చిట్టెలుక మెదళ్లు నున్నగా ఉంటాయి, వాటికి ముడతలే లేవు. పైగా మనిషిలో టౌ రెండు రకాలుంటే ఎదిగిన చిట్టెలుకలో ఒకటే రకం. కాబట్టి మామూలు విస్టార్ ఎలుకను ఐదుసార్లు కొట్టి, నెల తర్వాత టౌ రంగు వేసి, ఆ జబ్బు నమూనా తయారు చేశామని రాస్తే నిలబడదు. మానవ టౌ జన్యువున్న చిట్టెలుకలు దొరికితే తప్ప ఆ దారి పట్టవద్దు. గ్లియా కణాల మార్పు, తంతువుల గాయం, ప్రవర్తన, ఇవి చాలు.

ముడతలున్న మెదడు కోసం ఫెరెట్లు, పందులు ఉన్నాయి. గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది కదా, పందుల మీద చేద్దామా అని ఒకరు ఉత్సాహంగా అడిగారు. పంది తలను నిర్ణీత వేగంతో తిప్పే యంత్రం, ప్రత్యేక వార్డు వంటి పశుశాల కావాలి. ఎలుకలకు కళాశాల ఎథిక్స్ కమిటీ అనుమతి సరిపోతుంది గాని, పెద్ద జంతువులకు కేంద్ర కమిటీ దాకా వెళ్లాలి. ఎంఫార్మసీ గడువులో తేలే పని కాదు. డబ్బు, అనుమతులు రెండూ కరువైన చోట పండ్ల ఈగను చిన్నచూపు చూడకండి. స్ప్రింగుకు సీసా బిగించి మెత్త మీదకు విడిచే పరికరాన్ని విస్కాన్సిన్ వారు 2013లో చూపించారు. దెబ్బ తిన్న ఈగ కాసేపు కదలదు, తర్వాత తేరుకుంటుంది, ఆయుష్షు తగ్గుతుంది. జన్యువుల ప్రశ్నకు అది చక్కటి జవాబు ఇస్తుంది.

మన వాతావరణంలో పరీక్షలు

ఎలుక ఈదుతూ నీటిలో దాగిన తిన్నెను వెతికే జ్ఞాపకశక్తి పరీక్ష మోరిస్ నీటి మేజ్. దానికి నీరు 22 నుంచి 25 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెలలో మా మేడ మీది ట్యాంకు నీరు రాత్రిపూట కూడా 30కి దిగదు. చేపల రేవుకు వెళ్లే ఐసు దిమ్మల్లో ఒకటి తెప్పించి, గోనెపట్టాలో పగలగొట్టి, వేసి, కలిపి, కొలిచి, అరగంటకొకసారి మళ్లీ కొలిచి నడిపించాము; వేసవిలో తప్పకపోతే అలా చేయండి, తప్పించుకోగలిగితే గుండ్రటి బల్ల మీది కన్నాల్లో తప్పించుకునే కన్నాన్ని వెతికించే బార్న్స్ మేజ్ ఎంచుకోండి, దానికి నీరు అక్కరలేదు. యానిమల్ హౌస్‌లో తేమ 70 శాతం దాటకూడదని నిబంధన. తుపాను రోజుల్లో కరెంటు పోయి ఏసీ ఆగితే ఇక్కడ అది గంటలో దాటుతుంది. శరీర ఉష్ణోగ్రత మారితే మెదడు గాయం తీవ్రతే మారుతుంది కనుక, దెబ్బలు కొట్టే వారాలను అక్టోబరు, నవంబరుల్లో కాకుండా డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపల పెట్టుకోవడం మంచిది.

ఈ ఏడాది పాలకొండ వైపు నుంచి వచ్చిన ఒక విద్యార్థిని ఫ్లూయిడ్ పెర్కషన్ కావాలని పట్టుబట్టింది. తన ప్రశ్న ఏమిటో ఒక్క వాక్యంలో రాయమన్నాను. "త్వరగా మళ్లీ ఆటలోకి దిగితే ఏమవుతుంది?" అని రాసింది. ఆ వాక్యం రాశాక యంత్రం పేరు మళ్లీ ఎత్తలేదు. రేకు, నైలాన్ తాడు, ఐసోఫ్లురేన్, మూడు రోజులు, ఏడు రోజులు అని ప్రణాళిక తిరగరాసింది. ఆడ ఎలుకలనూ చేర్చింది, అది నాకు తట్టలేదు. బరువు ఎంత, ఎత్తు ఎంత అన్నది తేల్చడానికి ముందు ఆరు జంతువులతో చిన్న పరీక్ష చేసుకునేందుకు ఎథిక్స్ కమిటీకి దరఖాస్తు పెట్టాము.